చలి రాకముందే సైడింగ్ సందులన్నీ కాల్క్ కొట్టేయాలా?

మేపుల్‌గ్రోవ్_మురళి · మేపుల్ గ్రోవ్, మిన్నెసోటా · అక్టోబర్ 11

అందరికీ నమస్కారం. ఈ వేసవిలోనే ఇల్లు కొన్నాం. తొంభైల్లో కట్టింది, చుట్టూ వినైల్ సైడింగ్, అంటే గోడకి బయట తొడిగిన ప్లాస్టిక్ పలకలు. ఇన్నేళ్లూ అపార్ట్‌మెంట్‌లో ఉండి, ఏది చెడినా లీజింగ్ ఆఫీసుకి ఫోన్ కొట్టే బతుకు మాది. ఇప్పుడు గోడ చుట్టూ తిరిగితే అన్నీ లోపాల్లాగే కనిపిస్తున్నాయి.

ఉత్తరం వైపు కింది వరసలో ఒక ప్యానెల్ చిట్లింది. పడమర గోడ మీద ఇంకోటి జారిపోయి, గాలేస్తే టపటపా కొట్టుకుంటోంది. కిటికీల పక్కనా మూలల్లోనూ ప్యానెల్ చివరకీ పట్టీకీ మధ్య గోరు దూరేంత సందు. వంగి చూస్తే ప్రతి ప్యానెల్ అడుగునా చిన్న చిన్న చిల్లులు, ఎవరో పనిగట్టుకుని డ్రిల్ పెట్టి పొడిచినట్టు.

నా ప్లాన్: శనివారం హోమ్ డిపోకి వెళ్లి ఓ డజను కాల్క్ (సందుల్లో నింపే జిగురు ముద్ద) ట్యూబులు తెచ్చి సందులూ చిల్లులూ అన్నీ మూసేయడం. అంతకుముందు ప్రెషర్ వాషర్ అద్దెకి తెచ్చి గోడంతా కడిగేయడం. నవంబర్ వస్తే ఇక బయట పని కాదని పక్కింటాయన తొందరపెడుతున్నాడు. ఇంకేమైనా చేయాలా?

గట్టర్_గురువు · నేపర్‌విల్, ఇల్లినాయ్ · అక్టోబర్ 11

మురళి గారూ, ట్యూబులు కొనకండి. కొనేసి ఉంటే రసీదు పారేయకండి.

మీరు లోపాలనుకుంటున్న వాటిలో సగం కావాలని పెట్టినవి. వినైల్ అంటే పీవీసీ. ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. పన్నెండున్నర అడుగుల ప్యానెల్ నడివేసవికీ నడిచలికీ మధ్య అరంగుళం దాకా కదులుతుంది. దానికి చోటు ఉండాలనే బిగించేటప్పుడు చివర్లలో పావు అంగుళం వదులుతారు. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తక్కువున్న రోజు బిగిస్తే ఇంకాస్త ఎక్కువే, 3/8 అంగుళం వదలాలి. ఆ సందు కాల్క్‌తో నింపేశారనుకోండి, ఎండాకాలం ప్యానెల్ జరగడానికి చోటు లేక మధ్యలో అలలా ఉబ్బుతుంది. చలికాలం రెండు చివర్లా అతుక్కుని ఉండి లోపలికి లాగుతూ చిట్లుతుంది.

ఇక ఆ చిల్లులు. సైడింగ్ వాననీటిని పూర్తిగా ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఆపదు, అలా తయారుచేయలేదు కూడా. గాలివానకి కొంత నీరు వెనక్కి పోతుంది. అసలు అడ్డు వెనకాల ఉన్న హౌస్‌రాప్ (చెక్క గోడకి చుట్టే టైవెక్ లాంటి పొర), కిటికీల చుట్టూ వేసిన ఫ్లాషింగ్ (నీటిని మళ్లించే పట్టీలు). ఆ రాప్ మీద జారిన నీరు అడుగున చిల్లుల్లోంచి బయటికి రావాలి. చిల్లు మూస్తే నీరు అక్కడే నిలుస్తుంది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. మిన్నెసోటాలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టే రోజులు మార్చిలో వరసగా వస్తాయి. ఆ తర్వాత ఏమవుతుందో మీరే ఊహించండి.

కాల్క్ కావాల్సిన చోట్లు లేకపోలేదు. కుళాయి పైపు, గ్యాస్ పైపు, ఏసీ లైన్ల లాంటివి గోడలోకి దూరే చోట చుట్టూ పెట్టండి. మామూలు లేటెక్స్ కాల్క్ 40 డిగ్రీల కిందకి దిగితే సరిగా ఆరదు, కాబట్టి ఆ పని ఈ రెండు వారాల్లోనే.

ప్రెషర్ వాషర్ అసలొద్దు. కిందనుంచి పైకి కొడితే నీళ్లు నేరుగా సైడింగ్ వెనక్కి వెళ్తాయి. సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్, తోట పైపు చాలు.

సిద్ధిపేట_శీను · బ్లెయిన్, మిన్నెసోటా · అక్టోబర్ 11

మా ఇంటికి కొన్నేండ్ల కింద మొత్తం కాల్క్ కొట్టిచ్చిన. ఏం గాలే. గాలి రాకుంట మంచిగుంది. అన్నీ బుక్కుల ఉన్నట్టే చేస్తమంటే ఎట్లనే.

పాలమూరు_పిల్ల · నోవై, మిషిగన్ · అక్టోబర్ 12

శీనన్నా, ఏం గాలేదని నీకెట్ల ఎరుక? ప్యానెల్ ఇప్పి సూసినవా?

నేను ఇండ్ల ఇన్‌స్పెక్షన్ పనిల ఉన్న. బయటికెళ్లి నిగనిగలాడే గోడ, ప్యానెల్ లేపి ఎనకున్న ఓఎస్‌బీ చెక్కల స్క్రూడ్రైవర్ పెడితే మెత్తగ లోపలికి దిగుతది. ఓనర్‌కు అప్పటిదాంక ఏమీ తెల్వదు, ఎందుకంటే లోపలి గోడ పలకకు (డ్రైవాల్) మరక రావాలంటే శాన దినాలు పడ్తది. గాలి ఆపేది సైడింగ్ గాదన్నా. అది లోపలికెళ్లి ఆపాలె: అవుట్‌లెట్ డబ్బాల ఎనక, కిటికీ చట్రం చుట్టూత, బేస్‌మెంట్‌ల గోడ మీద ఫ్లోర్ కూసునే కాడ.

మురళీ, మీ రెండు ప్యానెళ్ల ముచ్చట. జారిన దానికి జిప్ టూల్ అని ఉంటది, కొక్కెం తీరు. కొన్ని డాలర్లే. ప్యానెల్ కింది అంచుల దాన్ని తగిలించి గుంజుకుంట పోతే లాక్ ఊడుతది, మళ్ల అట్లనే పెట్టి అరచేత్తో కొడ్తే టిక్కున కూసుంటది. ఎండున్న రోజు, 50 డిగ్రీల పైన చెయ్. చలిల వినైల్ పెళుసైతది, గుంజితే ఇరుగుతది.

చిట్లినదాన్ని మార్చాలె. టేపు, గ్లూ పెట్టకు. నీ రంగు ఇప్పుడు దొరకది, దొరికినా ఇన్నేండ్ల ఎండకు నీది ఎలిసిపోయి ఉంటది, కొత్తది కొట్టొచ్చినట్టు కనవడ్తది. అందుకే ఎవ్వరికీ కనవడని జాగల (ఏసీ ఎనక, కంచె దిక్కు) ఒక పాత ప్యానెల్ ఊడదీసి ముంగట పెట్టు, కొత్తది ఆడ పెట్టు.

మొల కొట్టేటప్పుడు రెండు మాటలు యాదుంచుకో. పొడుగు రంధ్రం నడిమిట్ల కొట్టాలె. తల మొత్తం దిగగొట్టొద్దు, మొల తలకూ ప్యానెల్‌కూ నడుమ డైమ్ (పది సెంట్ల) బిళ్ల పట్టేంత వదులుండాలె. కొట్టినంక ప్యానెల్‌ను పట్టుకొని ఎడమకు కుడికి జరిపి సూడు. జరగాలె. జరగకుంటే మొల బిగుసుకుంది.

మేపుల్‌గ్రోవ్_మురళి · అక్టోబర్ 12

అక్కా, ఇప్పుడే బయటికెళ్లి జరిపి చూశా. ఉత్తరం గోడ మీద చాలావరకు జరుగుతున్నాయి. చిట్లినది మాత్రం అంగుళం కూడా కదలట్లేదు, ఎవరో మొల పూర్తిగా దిగ్గొట్టారు. అంటే అందుకే చిట్లిందా?

పాలమూరు_పిల్ల · అక్టోబర్ 12

అదే కావచ్చు. అంగుళం కదలాలని లేదు, కొంచెం కదిలినా సాలు.

కోనసీమ_కుర్రోడు · ఎడిసన్, న్యూజెర్సీ · అక్టోబర్ 13

నమస్కారమండి. చలికాలం అంటే అందరూ మంచు, గాలి అంటారు. మా వీధిలో సైడింగ్‌ని ఎక్కువ పగలగొట్టేది స్నో బ్లోయరేనండి, అదే మంచు ఎత్తి విసిరే యంత్రం! డ్రైవ్‌వే మీద చిన్న రాళ్లూ ఐస్ ముక్కలూ ఎత్తి పక్కింటి గోడ మీదకి తుపాకీ గుళ్లలా విసురుతుంది. అసలే చలికి పెళుసెక్కిన వినైల్, ఒక్క దెబ్బకి చిల్లు. మూతి రోడ్డు వైపు తిప్పుకోండి, పొరపాటున కూడా గోడ వైపు వద్దు. మా పిల్లలు డ్రైవ్‌వేలో హాకీ ఆడతారు, జనవరి వచ్చిందంటే గ్యారేజీ పక్క గోడ దగ్గర ఆట బంద్.

పారతో తీసిన మంచుని గోడకి ఆనించి కుప్పపోసే అలవాటు కూడా మానాలండి. కరిగే నీరు కింద వరస వెనక్కి చేరి, అక్కడి చెక్క పీల్చుకుంటుంది.

మా నాన్నగారు వచ్చినప్పుడు ఇల్లు చుట్టూ తిరిగి చూసి అడిగిన మొదటి ప్రశ్న: "చూరు ఏదిరా?" మా ఊరి పెంకుటింటికి చూరు మూరెడు ముందుకుంటుంది, గోడ మీద వాన పడదు. ఇక్కడ మా టౌన్‌హోమ్‌కి జానెడు కూడా లేదు, పక్క గోడలకైతే అసలు లేదు. పడే వానంతా గోడ మీదే. ఆయన అన్నదాన్లో నిజం ఉందండి. అందుకే ఇక్కడ గట్టర్ (కప్పు అంచున వాననీరు పట్టే కాలువ) ఒక్క చోట నిండి పొర్లిందంటే, నీరు సరాసరి సైడింగ్ మీదుగా దిగుతుంది.

ఇంకోటి, చలికి సంబంధం లేదు గానీ చెప్పేస్తా: గ్రిల్ గోడ పక్కన పెట్టకండి. మా బావగారింట్లో తందూరీ చికెన్ బాగానే వచ్చింది, గోడే కారిపోయింది.

గట్టర్_గురువు · అక్టోబర్ 13

కుర్రోడు గారు గట్టర్ మాట ఎత్తారు కాబట్టి నా పేరు నిలబెట్టుకోవాలి.

చలికాలపు సైడింగ్ పని అసలు మొదలయ్యేది గట్టర్ దగ్గర. ఆకులు పూర్తిగా రాలాక, థ్యాంక్స్‌గివింగ్ (నవంబర్ నాలుగో గురువారం) లోపు ఒకసారి శుభ్రం చేయండి. ముందే చేస్తే మళ్లీ నిండుతుంది. తర్వాత పైపు పెట్టి నీళ్లు వదిలి డౌన్‌స్పౌట్ (గట్టర్ నీటిని కిందికి దించే గొట్టం) లోంచి ధారగా వస్తున్నాయో లేదో చూడండి. డౌన్‌స్పౌట్ చివర గొట్టం నాలుగైదు అడుగులు బయటికి ఉండాలి, నేల వాలు ఇంటి నుంచి దూరంగా ఉండాలి. బిల్డింగ్ కోడ్ ప్రకారం మొదటి పది అడుగుల్లో ఆరంగుళాల వాలు.

ఇంకో చోటు తప్పకుండా చూడండి. కింది కప్పు అంచు పై అంతస్తు గోడని తాకి ఆగిపోయే చోటు, అంటే గ్యారేజీ కప్పూ ఇంటి గోడా కలిసే మూల. అక్కడ కప్పు మీది నీటిని గట్టర్‌లోకి మళ్లించే చిన్న రేకు ఉండాలి, కికౌట్ ఫ్లాషింగ్ అంటారు. పాత ఇళ్లలో చాలావాటికి ఉండదు. అది లేకపోతే ఏళ్ల తరబడి నీరు సైడింగ్ వెనక్కే పోతుంది. దాని కింద గోడ మీద నల్లటి చార ఉంటే అనుమానించండి.

తోట పైపు కుళాయి నుంచి విప్పి లోపల పెట్టండి. పైపు తగిలించి వదిలేస్తే లోపల గడ్డకట్టి గోడ మధ్యలో ఉన్న నీళ్ల గొట్టం పగులుతుంది.

వైజాగ్_వాణి · కొలంబస్, ఒహాయో · అక్టోబర్ 14

మాది వినైల్ కాదు, హార్డీ బోర్డు (ఫైబర్ సిమెంట్ పలకలు). ఇక్కడ చెప్పినవన్నీ మాకూ వర్తిస్తాయా?

పాలమూరు_పిల్ల · అక్టోబర్ 14

కొన్ని వర్తిస్తయి వాణి గారు, కొన్ని ఉల్టా. ఫైబర్ సిమెంట్ చలికి పెళుసుగాదు, అంత సాగదు, ముడుచుకోదు. కని నీళ్లు పీలుస్తది, తడిసి గడ్డగట్టి కరిగి, మళ్ల గడ్డగడ్తే అంచులు పొరలు పొరలుగ లేస్తయి. అందుకే జేమ్స్ హార్డీ వాళ్లు చలి ప్రాంతాలకు హెచ్‌జెడ్‌5 అని ఏరే రకం అమ్ముతరు. మీకు సూడాల్సింది: కోసిన అంచులకు రంగో ప్రైమరో ఉందా? నేల నుంచి ఆరంగుళాలు, డెక్ నుంచి, కప్పు నుంచి రెండంగుళాలు ఖాళీ ఉందా? డెక్ మీద మంచు ఆ రెండంగుళాల సందుల వారాల కొద్దీ కూసోకుండ ఊడ్వాలె. బోర్డు నిలువు పట్టీని తాకే కాడ కాల్క్ ఉంటది, అది పగిలితే పాతది గీకి మళ్ల పెట్టాలె. వినైల్‌కు ఆ జాగల వద్దన్నది మీకు కావాలె.

పూలమొక్కల మొదట్ల పోసే మల్చ్ (చెక్క పొట్టు) బోర్డును తాకుతుంటే తీసెయ్యండి. అది ఏ సైడింగ్‌కైనా చేటే.

డాలస్_బాబాయ్ · ఫ్రిస్కో, టెక్సస్ · అక్టోబర్ 14

మాకు ముందు వైపు ఇటుక, వెనక బోర్డు. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ మైనస్ 2 ఫారెన్‌హీట్ చూశాక చలి మీద కొంచెం గౌరవం వచ్చింది. ఇటుకల మధ్య అడుగున అక్కడక్కడా సిమెంట్ లేకుండా వదిలేశారు. ఎలుకలు వస్తాయని మా ఆవిడ మూసేయమంటోంది.

గట్టర్_గురువు · అక్టోబర్ 14

బాబాయ్ గారూ, అవీ నీళ్లు పోయే దారులే. సిమెంట్ పెట్టొద్దు. ఎలుక దూరకుండా, నీరు మాత్రం పోయేలా జాలీ ముక్కలు దొరుకుతాయి, అవి దోపండి. పిన్ని గారికి నా నమస్కారాలు.

ఎటిక్_ఎలుక · మ్యాడిసన్, విస్కాన్సిన్ · అక్టోబర్ 15

అందరూ గోడ చుట్టూ తిరుగుతున్నారు. మురళి గారు ఉండే చోట సైడింగ్‌కి పెద్ద ప్రమాదం పైనుంచి వస్తుంది, కప్పు కిందున్న ఎటిక్ (అటక) నుంచి.

ఇంట్లో వేడి ఎటిక్‌లోకి కారితే కప్పు మీది మంచు అడుగునుంచి కరుగుతుంది. కరిగిన నీరు కిందికి జారి చూరు దగ్గరికొస్తుంది. చూరు కింద వేడి ఉండదు కాబట్టి అక్కడ మళ్లీ గడ్డకడుతుంది. రోజురోజుకీ ఆ గడ్డ కట్టలా పెరిగి వెనక నీటిని ఆపుతుంది. ఆగిన నీరు షింగిల్స్ (కప్పు పెంకులు) కిందికి ఎక్కి, సాఫిట్ (చూరు అడుగు పలక) లోంచి గోడ లోపలికి, సైడింగ్ వెనక్కి దిగుతుంది. దీన్నే ఐస్ డ్యామ్ అంటారు. గట్టర్‌కి వేలాడే పొడుగాటి ఐస్ కొమ్ములు ఫోటోల్లో అందంగా ఉంటాయి గానీ, ఇంటి ఓనర్‌కి అవి హెచ్చరిక.

పరిష్కారం వరస ముఖ్యం. ముందు గాలి సందులు మూయాలి: ఎటిక్‌లోకి ఎక్కే తలుపు చుట్టూ, సీలింగ్ లైట్లు, పైపులు, వైర్లు పైకి దూరే చోట్లు. ఆ తర్వాతే ఇన్సులేషన్ పెంచాలి. మీ ప్రాంతానికి ఆర్-49 నుంచి ఆర్-60 (ఆర్ అంటే వేడిని ఆపే కొలత). సందులు మూయకుండా పైన దూది పోసుకుంటూ పోతే వేడి గాలి దాంట్లోంచే పోతుంది, డబ్బు దండగ. మూడోది, సాఫిట్ వెంట్లు ఇన్సులేషన్‌తో పూడిపోకుండా చూడాలి. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఎటిక్‌లోనే వదిలేసి ఉందేమో కూడా చూడండి. కప్పు దాటి బయటికి వెళ్లాలది. మన ఇళ్లల్లో వంట ఆవిరి కూడా ఎక్కువే, ఇడ్లీ పొయ్యి మీదున్నంత సేపూ బయటికి వదిలే ఫ్యాన్ వేసి ఉంచండి.

సిద్ధిపేట_శీను · అక్టోబర్ 16

ఐస్ డ్యామ్ సంగతి నిజం. మా ఇంటికి ఉత్తరం దిక్కు ఏటా పెద్ద పెద్ద కొమ్ములు లేస్తయి. ఎటిక్ తలుపుకు పట్టీ లేదని ఇయ్యాల సూసిన.

కాల్క్ మీద మాత్రం నా మాట మార్చుకోలే. ఎండాకాలం ఒక ప్యానెల్ ఇప్పి సూస్త, అప్పుడు మాట్లాడుకుందాం.

మేపుల్‌గ్రోవ్_మురళి · అక్టోబర్ 19

జారిన ప్యానెల్ కూర్చుంది, చిట్లినది మార్చేశా. కాల్క్ ఒక్క ట్యూబే కొన్నా.

రెండు సందేహాలు. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ నుంచి రెండు తెల్ల గొట్టాలు పక్క గోడలోంచి బయటికొస్తున్నాయి, వాటి కింద సైడింగ్ మీద మరకలున్నాయి. రెండోది, నిన్న ఒకతను తలుపు కొట్టి, వేసవిలో వడగళ్లు పడ్డాయి, మీ సైడింగ్ మొత్తం ఇన్సూరెన్స్ మీద మార్చిపెడతా, డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మన వంతు కట్టే డబ్బు) కూడా నేనే చూసుకుంటా అన్నాడు.

గట్టర్_గురువు · అక్టోబర్ 19

గొట్టాలు: హై ఎఫిషియెన్సీ ఫర్నేస్ పొగలో ఆవిరి ఎక్కువ. అది చల్లటి గోడకి తగిలి ఐస్ కడుతుంది. గొట్టం మూతి గోడకి దూరంగా ఉందో లేదో ఫర్నేస్ సర్వీస్‌కి వచ్చినవాళ్లని చూడమనండి. సైడింగ్ కన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. గాలికి మంచు ఎగదోసి ఆ గొట్టాలు పూడిపోతే ఫర్నేస్ ఆగుతుంది, లేదా కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) విషవాయువు లోపలికి తన్నుతుంది. మంచు పేరుకునే మట్టం కన్నా కనీసం అడుగు పైన ఉండాలవి. పెద్ద మంచు పడిన ప్రతిసారీ ముందు అక్కడికెళ్లి తవ్వండి, డ్రైవ్‌వే తర్వాత. సీఓ అలారం బ్యాటరీ చూసుకోండి.

తలుపు కొట్టినతను: డిడక్టిబుల్ నేను కడతానని కాంట్రాక్టరు మాటివ్వడం మిన్నెసోటాలో చట్టవిరుద్ధం. ఆ ఒక్క మాటతోనే అతన్ని పంపేయొచ్చు. నిజంగా వడగళ్ల దెబ్బ ఉందనిపిస్తే మీరే ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేయండి. ఎవర్ని పెట్టుకున్నా రాష్ట్ర లేబర్ అండ్ ఇండస్ట్రీ శాఖ సైట్‌లో లైసెన్స్ నంబర్ చూడండి. పాలసీలు మామూలుగా గాలి, వడగళ్లు లాంటి ఉన్నట్టుండి జరిగిన నష్టానికి ఇస్తాయి, ఏళ్ల తరబడి కుళ్లినదానికి ఇవ్వవు. అందుకే ఇప్పుడే, బాగున్నప్పుడే, నాలుగు గోడలకీ ఫోటోలు తీసి పెట్టుకోండి.

మేపుల్‌గ్రోవ్_మురళి · జనవరి 17

మళ్లీ నేనే. రాత్రి మైనస్ 18 ఫారెన్‌హీట్. గోడలోంచి టప్, టప్ మని చప్పుళ్లు, మా అమ్మాయి భయపడి మా గదిలోకి వచ్చేసింది. పొద్దున చూస్తే గ్యారేజీ పైన చూరు దగ్గర ఐస్ కట్ట, దాని కింద సాఫిట్ నుంచి సైడింగ్ మీద గోధుమరంగు చారలు. సుత్తి పట్టుకుని నిచ్చెనెక్కబోతుంటే మా ఆవిడ ఆపింది.

ఎటిక్_ఎలుక · జనవరి 17

వదిన గారు ఆపడం మంచిదైంది. సుత్తి వేస్తే ఐస్‌తో పాటు షింగిలూ పోతుంది, ఈ చలికి కింద వినైల్ కూడా. వేడినీళ్లు కూడా పోయకండి, కిందికి కారి ఇంకో చోట గడ్డకడతాయి.

రూఫ్ రేక్ (కప్పు మీది మంచు లాగే పొడుగు కర్ర పార) కొని నేల మీద నిలబడే చూరు పైన మూడు నాలుగు అడుగుల మంచు లాగేయండి. కొత్తగా కరిగే నీరు తగ్గుతుంది. పాత పొడుగు సాక్సులో కాల్షియం క్లోరైడ్ నింపి కట్ట మీద అడ్డంగా, గట్టర్ మీదుగా వేలాడేట్టు పెడితే ఒక కాలువలా కరిగి ఆగిన నీరు దిగుతుంది. రోడ్డు మీద చల్లే ఉప్పు వాడకండి, రేకులు తినేస్తుంది, కింద మొక్కలు పోతాయి. లోపల గోడకి తడి కనిపిస్తే మాత్రం స్టీమ్‌తో తీసేవాళ్లని పిలవండి, ఖర్చు ఎక్కువే. గోధుమరంగు చార అంటే నీరు చెక్క మీదుగా వస్తోందని.

చప్పుళ్లకి భయం వద్దని పాపకి చెప్పండి. చలికి చెక్క, వినైల్ ముడుచుకుంటూ చేసే శబ్దమే. ఒకే చోట నుంచి పదే పదే గట్టిగా వస్తుంటే అక్కడ మొల బిగుసుకుందేమో వేసవిలో చూడండి.

పాలమూరు_పిల్ల · జనవరి 18

ఇప్పుడు సైడింగ్ ముట్టకు మురళీ. చార యాడుందో ఫోటో తీసి, నేల నుంచి ఎంత ఎత్తుల ఉందో రాసి పెట్టుకో. ఏప్రిల్‌ల ఎండలు కొట్టినంక ఆ చార కింద మూడు వరుసలు ఇప్పు. రాప్ చినిగిందా, చెక్క నల్లవడ్డదా, మెత్తవడ్డదా సూడు. గట్టిగ ఉండి మరక మాత్రమే ఉంటే ఆరనిచ్చి మూసెయ్. మెత్తగుంటే ఆ ముక్క కోసి మార్చాలె, అది నువ్వు ఒక్కనివే చేసే పని గాదు.

మేపుల్‌గ్రోవ్_మురళి · జనవరి 18

సాక్సు పెట్టా, సాయంత్రానికి బొటబొటా దిగడం మొదలైంది. గ్యారేజీ పైన ఎటిక్‌లోకి తలదూర్చి చూశా. గెస్ట్ బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం అక్కడే ఊడి పడి ఉంది, చుట్టూ మొలల మీద తెల్లగా మంచు పేరుకుంది. ఎలుక గారూ, మీరు అక్టోబర్‌లోనే చెప్పారు. ప్రస్తుతానికి ఆ ఫ్యాన్ వాడొద్దని ఇంట్లో చెప్పేశా.

ఏప్రిల్‌లో మూడు వరసలు విప్పాలంటే చేతి సాయం కావాలి. దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?

సిద్ధిపేట_శీను · జనవరి 18

బ్లెయిన్ నుంచి నీకాడికి ఎంత దూరం తమ్మీ, నేనొస్త. నీది అయినంక మా ఇంటికి పోదాం, నాది కూడ ఒక ప్యానెల్ ఇప్పుదాం. పాలమూరు చెల్లెకు వీడియో కాల్ చేసి సూపిద్దాం. నిచ్చెన నాకాడ లేదు, నువ్వు సూస్కో.